పాత కారు మిస్సింగ్ కొడితే - ముందు ఏ సిలిండరో తేల్చండి

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన విషయం వేరు. మన సభ్యుల్లో చాలామంది ఇళ్ళ ముందు పదిహేను, ఇరవై ఏళ్ళు దాటిన కార్లున్నాయి. కొన్ని సర్వీసులో ఉండగా లోను పెట్టి కొన్నవి. కొన్ని పిల్లలు కొత్త బండి కొనుక్కుని మనకు వదిలినవి. మరికొన్ని రిటైరైన తరువాత సెకండ్ హ్యాండులో కొన్నవి. ఈ పాత బళ్ళకు వచ్చే జబ్బుల్లో మనల్ని తికమక పెట్టి, అనవసరంగా ఖర్చుల పాలు చేసేది ఒకటుంది. మెకానిక్కులు దాన్ని "మిస్సింగ్ కొడుతోంది" అంటారు. బండి ఆగి ఉన్నప్పుడు గుడగుడమని ఊగుతుంది, కదిలితే జర్కులిస్తుంది, వంతెన ఎక్కమంటే ఎక్కనంటుంది. దాని గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలు మనవి చేసుకుంటాను.

నేను ఇంజనీరును కాను. ఒక ఇంజనీరింగ్ శాఖ కార్యాలయంలో గుమాస్తాగా చేరి సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. ఆ సర్వీసులో పదకొండేళ్ళు శాఖ జీపుల రిపేరు బిల్లులు చూసే సీటు నాది. బిల్లు వస్తే లాగ్ బుక్కులో డ్రైవరు ఏం కంప్లయింటు రాశాడో చూడాలి. దానికి ఏ సామాను మార్చారో చూడాలి. మార్చిన పాత సామాను స్టోర్సుకు తిరిగి వచ్చిందో లేదో చూడాలి. వీటికి ఒకదానితో ఒకటి పొంతన లేకపోతే బిల్లు వెనక్కి పంపేవాణ్ణి. అలా పంపగా పంపగా షెడ్డులో హెడ్ మెకానిక్కు గారికి ఒకరోజు ఒళ్ళు మండి, "గుమాస్తా గారూ, అక్కడ కూర్చుని కొర్రీలు వేయడం కాదు, ఇలా వచ్చి చూడండి" అని పిలిచారు. వెళ్ళాను. ఆ తరువాత శనివారం మధ్యాహ్నాలు వెళ్తూనే ఉన్నాను. ఆయన చదువుకున్నది ఐదో తరగతి. ఇంజను ముందు నిలబడితే మాత్రం పెద్ద డాక్టరే.

పెట్రోలు ఇంజనులో ప్రతి సిలిండరూ ఒకే పని చేస్తుంది. గాలినీ పెట్రోలునూ కలిపి లోపలికి పీలుస్తుంది, నొక్కుతుంది, ప్లగ్గు నిప్పురవ్వతో మండిస్తుంది, పొగను బయటికి నెడుతుంది. మండాలంటే సరైన పాళ్ళలో పెట్రోలు గాలి ఉండాలి, గట్టిగా నొక్కబడాలి, సమయానికి నిప్పురవ్వ పడాలి. వీటిలో ఒక్కటి తప్పినా ఆ సిలిండరు మండదు. అదే మిస్సింగ్. మండని పెట్రోలు అలాగే సైలెన్సరులోకి పోతుంది కనుక వెనక నిలబడితే పచ్చి పెట్రోలు వాసన వస్తుంది.

మనలో ఎక్కువమందికి తెలిసిన బండి మారుతి 800. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి వరకు తయారైంది. 796 సి.సి. ఇంజను, మూడే సిలిండర్లు. నాలుగు సిలిండర్ల బండిలో ఒకటి చచ్చుబడితే పావు వంతు బలం పోతుంది, ఇందులో అయితే ఏకంగా మూడో వంతు పోతుంది. అందుకే చిన్న బండిలో మిస్సింగ్ అంత భయంకరంగా కనిపిస్తుంది. ఇంజను మొత్తం పోయిందని మనం కంగారు పడేది కూడా ఇక్కడే. మూడు సీట్లున్న సెక్షనులో ఒక గుమాస్తా సెలవు పెడితే ఆఫీసు మూతబడిందని ఎవరూ అనరు గదా. ఫైలు ఏ సీటులో ఆగిందో ముందు చూస్తాం. ఇంజను సంగతీ అంతే. ముందు ఏ సిలిండరో తేల్చాలి, ఆ తరువాత అందులో ఏ భాగమో తేల్చాలి. రూపాయి ఖర్చు ఆ తరువాతే.

పరీక్షల్లోకి వెళ్ళే ముందు కొన్ని జాగ్రత్తలు. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకున్నవారు ఇంజను నడుస్తుండగా బానెట్టు కింద తల పెట్టవద్దు, ప్లగ్గు వైర్ల జోలికి అసలే పోవద్దు. ఆ వైర్లలో వేల వోల్టులుంటాయి. లుంగీ, కండువా, చీర కొంగు, చేతి గొలుసు బెల్టుకు దగ్గరగా రాకూడదు. రేడియేటరు ఫ్యాను కరెంటుతో తిరుగుతుంది, వేడెక్కగానే చెప్పకుండా మొదలవుతుంది. ఎక్కడైనా పెట్రోలు కారుతున్నట్టు కనిపిస్తే ఇంజను ఆపండి, కారడం ముందు బాగుచేయించండి. ఇవన్నీ మనవడో, తెలిసిన కుర్రవాడో చేస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పడం మన వయసుకు ఇంకా మంచిది.

మొదటి పని బానెట్టు ఎత్తకుండానే చేయాలి. ఒక కాగితం తీసుకుని రాయండి. మిస్సింగ్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఆగి ఉన్నప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా? వాన, మంచు పడిన రోజునే వస్తుందా? లయగా ఒకే తీరున కొడుతోందా, ఎప్పుడంటే అప్పుడు తప్పుతోందా? పెట్రోలు ఎప్పుడు పోయించారు, బండి ఎన్నాళ్ళు కదలకుండా ఉంది? లయగా కొడితే ఒకే సిలిండరు మీద అనుమానం. లయ లేకుండా కొడితే అన్నింటికీ ఉమ్మడిగా ఉండే కాయిల్, పాయింట్లు, కార్బురేటరు వైపు చూడాలి. ఆగి ఉన్నప్పుడు ఊగుతూ, యాక్సిలరేటరు తొక్కగానే సర్దుకుంటే ఎక్కడో రబ్బరు పైపు పగిలి దొంగగాలి పీలుస్తోందేమో చూడాలి. తడి రోజున వచ్చి ఎండెక్కాక పోతే వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు. ఎత్తు మీద మాత్రమే వస్తే ప్లగ్గులు, లేదా పెట్రోలు చాలినంత అందకపోవడం.

ఇంకొక కాగితం కూడా మీ దగ్గరే ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్టు. పోలీసులకు చూపించడానికే అని దాన్ని మడిచి పెడతాం, అందులోని అంకెలు ఎవరూ చదవరు. పెట్రోలు బండి చీటీలో హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడు అని రెండు లెక్కలుంటాయి. హైడ్రోకార్బన్లంటే మండకుండా పోయిన పెట్రోలు. పోయినసారి చీటీతో పోల్చినప్పుడు అది బాగా పెరిగి, మోనాక్సైడు మామూలుగా ఉంటే సిలిండరు తప్పుతోందని అర్థం. మోనాక్సైడు కూడా పెరిగితే కార్బురేటరు పెట్రోలు ఎక్కువ పోస్తోంది. పాత చీటీలు పారేయకండి, ఒక క్లిప్పుకు పెట్టుకోండి. ఆ అలవాటు మనకు కొత్తదేం కాదు.

ఇప్పుడు సిలిండరు తేల్చే పరీక్ష. పాత పద్ధతిలో ఇంజను నడుస్తుండగా ఒక్కొక్క ప్లగ్గు వైరు లాగి చూసేవారు. షాకు కొడుతుంది, కొన్ని బళ్ళలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషను కూడా దెబ్బ తింటుంది. మా హెడ్ మెకానిక్కు గారి పద్ధతి వేరు. ఇంజను ఆపాలి. ఒక ప్లగ్గు వైరు తీసి దానికి ఒక స్పేరు ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు లోహం ఇంజను లోహానికి ఆనేలా కదలకుండా పెట్టాలి. అప్పుడు స్టార్టు చేసి వినాలి. మంచి సిలిండరు వైరు తీస్తే ఇంజను ఇంకా కుంటుతుంది. చచ్చిన సిలిండరు వైరు తీస్తే తేడా ఏమీ ఉండదు, ముందెలా కుంటిందో అలాగే కుంటుంది. మూడింటికీ ఇలా చేస్తే దొంగ దొరుకుతాడు. అర నిమిషం కంటే ఎక్కువ నడపకండి. సైలెన్సరు దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండి అయితే మండని పెట్రోలు దాన్ని కాల్చేస్తుంది, అది ఖరీదైన సామాను.

తరువాత ఇంజను చల్లారనిచ్చి ప్లగ్గులు తీసి, ఏది ఏ సిలిండరుదో గుర్తుంచుకుంటూ వరసగా పేపరు మీద పెట్టండి. స్కూటరు రోజుల్లో ప్లగ్గు తీసి ఎమరీ కాగితంతో రుద్దడం మనందరికీ తెలిసిన విద్యే. కానీ రుద్దే ముందు దాని ముఖం చదవాలి. లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆరోగ్యం. పెట్రోలుతో తడిసి ఉంటే నిప్పురవ్వ పడడం లేదు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. జిడ్డుగా ఇంజనాయిలు అంటితే రింగుల నుంచో వాల్వు సీళ్ళ నుంచో ఆయిలు దిగుతోంది. తెల్లగా మాడితే పెట్రోలు తక్కువై వేడెక్కుతోంది. గ్యాపు మీ బండి మాన్యువల్‌లో చెప్పినంత ఉండాలి. కార్బురేటరు మారుతికి 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు.

అసలు కీలకం ఇక్కడుంది. అనుమానం ఉన్న సామానును కొత్తది కొనవద్దు, పక్కదానితో మార్చండి. రెండో సిలిండరు చచ్చిందనుకుందాం. దాని ప్లగ్గు ఒకటో దానిలో, ఒకటో దాని ప్లగ్గు ఇందులో పెట్టండి. మిస్సింగ్ ఒకటో దానికి మారిందా? ప్లగ్గు దోషి. మారలేదా? ఇప్పుడు వైరు మార్చి చూడండి. వైర్ల పొడవులో తేడా ఉంటుంది, అందుతుందో లేదో చూసుకోవాలి. క్యాపు మీద ఏ పొడుచు నుంచి ఏ సిలిండరుకు వెళ్ళాలో ఆ క్రమం మాత్రం తప్పకూడదు. ఈ బండి మండే వరస 1-3-2. సుద్దముక్కతో అంకెలు వేసుకోండి. వైరు మార్చినా జబ్బు అక్కడే ఉంటే క్యాపు విప్పి లోపల సన్నని పగులు గానీ, పెన్సిలు గీత లాంటి నల్లని చార గానీ ఉందేమో చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మూడు సామాన్లు ఒకేసారి మారిస్తే బండి బాగుపడవచ్చు, దేనివల్ల బాగుపడిందో మాత్రం ఎప్పటికీ తెలియదు, మూడింటి డబ్బూ మనదే.

ఒక ఉదాహరణ చెబుతాను. మన సభ్యులొకరు, పేరు చెప్పవద్దన్నారు, ఆయన దగ్గర 1997 మోడల్ మారుతి ఉంది. ఆయన భార్యకు వారానికి రెండుసార్లు డయాలిసిస్. ఆసుపత్రిలో వాళ్ళకిచ్చిన సమయం తెల్లవారుజామున ఐదున్నర. ఆ వేళకు వాళ్ళ కాలనీలో ఆటో దొరకదు. కనుక ఆ కారు వాళ్ళకు షికారు బండి కాదు. పోయిన మార్గశిరంలో పొద్దున్నే మిస్సింగ్ మొదలైంది. రెండుసార్లు దారిలో ఆగిపోయింది, ఒకసారి ఆవిడ చలిలో ఇరవై నిమిషాలు కారులోనే కూర్చున్నారు. ఒక షెడ్డులో చూపిస్తే రింగులు పోయాయి, ఇంజను దింపి బోరింగ్ చేయాలి, ముప్పై రెండు వేలు అన్నారట. ఆయన నా దగ్గరికి వచ్చి, "గురువు గారూ, మెడికల్ రీయింబర్సుమెంటు ఇంకా రాలేదు. మందుల కోసం పక్కన పెట్టిన డబ్బే ఉంది. అది తీసి దీనికి పెట్టనా, కారు అమ్మేయనా?" అని అడిగారు.

ఎప్పుడెప్పుడు వస్తోందని అడిగాను. తెల్లవారుజామునేనట, పావుగంట నడిచాక సర్దుకుంటుందట, మధ్యాహ్నం తీస్తే అసలు రాదట. రింగులు అరిగితే ఆయిలు తాగాలి, నీలి పొగ రావాలి. డిప్‌స్టిక్కు తీసి చూస్తే ఆయిలు గీత దగ్గరే ఉంది, పొగ లేదు. మర్నాడు నాలుగున్నరకు వాళ్ళింటికి వెళ్ళాను. పరీక్ష చేస్తే రెండో సిలిండరు తేలింది. ప్లగ్గు తీస్తే తడిగా ఉంది. ప్లగ్గు మార్చినా రెండోదే తప్పింది. రెండు, మూడు వైర్లు ఒకదాని స్థానంలో ఒకటి పెట్టగానే జబ్బు మూడో దానికి మారింది. అప్పుడు వరండా లైటు ఆర్పమన్నాను. చీకట్లో ఆ వైరు మధ్య నుంచి ఇంజను మీదికి సన్నని నీలి దారంలా నిప్పు కారుతోంది. టార్చి వేసి చూస్తే ఎలుక పళ్ళ గాట్లు. మంచు తడికి ఆ గాట్లలోంచి కరెంటు పక్కదారి పడుతోంది, ఇంజను వేడికి ఆరగానే మళ్ళీ దారికి వస్తోంది. కొత్త వైర్ల సెట్టుకు ఆరు వందలు కూడా కాలేదు. వచ్చే డయాలిసిస్ రోజున ఆయన ఆసుపత్రి నుంచి ఫోను చేసి, "చేరాం" అని ఒక్క మాట చెప్పి పెట్టేశారు.

అంటే ప్రతి మెకానిక్కూ మోసగాడని నేననను. ఇంజను నిజంగా దింపవలసిన సందర్భాలుంటాయి. అది తేల్చడానికి కంప్రెషన్ టెస్టు ఉంది. అన్ని ప్లగ్గులూ తీసి, నిప్పురవ్వ రాకుండా కాయిల్ కనెక్షను విప్పి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టి, సెల్ఫు కొడుతూ ఒక్కొక్క సిలిండరులో గేజి పెట్టి చూస్తారు. మూడూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తక్కువైతే అందులో ఒక చెంచా ఇంజనాయిలు పోసి మళ్ళీ చూడాలి. అంకె పెరిగితే రింగులు. పెరగకపోతే వాల్వు, లేదా గాస్కెట్టు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లూ తక్కువైతే ఆ రెండింటి మధ్య హెడ్ గాస్కెట్టు మీద అనుమానం. వాల్వు అనగానే హెడ్డు విప్పనివ్వకండి. ముందు ట్యాపెట్లు సెట్టింగు చేయించండి. సందు మరీ బిగుసుకుపోయి వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా కంప్రెషను పోతుంది. ఈ పరీక్ష అంకెలు కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వను అన్న షెడ్డుకు నమస్కారం పెట్టి రండి.

మెకానిక్కు దగ్గరికి వెళ్ళి "కార్బురేటరు విప్పు", "ప్లగ్గులు మార్చు" అని ఆర్డరు వేయకండి. అర్జీలో జరిగింది రాస్తే చాలు, ఏ రూలు కింద ఉత్తర్వు ఇవ్వాలో అర్జీదారు చెప్పనక్కర లేదు. మీరు రాసుకున్న కాగితం చేతికివ్వండి. మంచి మెకానిక్కు సంతోషిస్తాడు, అతనికి గంట పని తగ్గుతుంది. పని అయ్యాక మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. ముందే "పాతవి ఇవ్వాలి" అని చెబితే సగం అనవసర మార్పులు వాటంతటవే ఆగిపోతాయి. ఇది నేను పదకొండేళ్ళు బిల్లులు చూసి చెబుతున్న మాట.

కార్బురేటరు కాకుండా ఇంజెక్షను బళ్ళున్నవారికి పని కొంత తేలిక. స్కానరు పెడితే కోడు వస్తుంది. పి0301 అంటే ఒకటో సిలిండరు తప్పుతోందని, పి0302 అంటే రెండోదని, పి0300 అంటే ఒకదాన్నని చెప్పలేనంతగా అక్కడక్కడా తప్పుతున్నాయని. ఆ కోడు సీటు నంబరు మాత్రమే చెబుతుంది, తప్పు కాయిల్‌దో ప్లగ్గుదో ఇంజెక్టరుదో చెప్పదు. కోడు చూసి కాయిల్ అమ్మజూపితే, పక్క సిలిండరు కాయిల్‌తో మార్చి చూపించమనండి. ఇంజను బొమ్మ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం బండిని మెల్లగా పక్కకు తీసి ఆపేయండి.

మన బళ్ళు వారాల తరబడి కదలవు. పిల్లల దగ్గరికి వెళ్ళి మూడు నెలల తరువాత వస్తాం. ఈలోగా బానెట్టు కింద ఎలుకలు కాపురం పెడతాయి. పెట్రోలులో ఇప్పుడు ఇథనాలు కలుపుతున్నారు, 2025 నాటికి అది నూటికి 20 పాళ్ళకు చేరింది. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. పాత కాలపు రబ్బరు పైపులు, పంపు పొరలు, కార్బురేటరు వాషర్లు దానికోసం చేసినవి కావు. పదిహేను ఇరవై ఏళ్ళ పైపులు మెత్తబడ్డాయో, పగిలాయో ఏడాదికోసారి చూపించండి. ఊరికి వెళ్ళేముందు పక్కింటివారికి తాళం ఇచ్చి వారానికోసారి నాలుగు మైళ్ళు తిప్పమనండి.

సెకండ్ హ్యాండు బండి కొనబోయేవారికి ఒక మాట. బేరానికి వెళ్ళగానే ముందు బానెట్టు మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్టు చేసి ఉంచారన్నమాట. "రేపు పొద్దున్నే వస్తాను, అప్పటిదాకా తీయకండి" అని చెప్పి వచ్చేయండి. చల్లని ఇంజను మొదటి రెండు నిమిషాల్లో దాచలేని సంగతులు చాలా ఉంటాయి. పదిహేనేళ్ళు దాటిన బండి అయితే రిజిస్ట్రేషను రెన్యువల్ ఎప్పటిదాకా ఉందో ఆర్.సి.లో చూడండి. ఆ రెన్యువల్ ఐదేళ్ళకే ఇస్తారు, అప్పుడు బండిని మళ్ళీ చూపించాలి. మా బావమరిది ఒక బండి ఇలాగే చూడబోతే ఒక సిలిండరు కంప్రెషను మిగతా వాటిలో సగం కూడా లేదు, ఆయిలు పోసినా పెరగలేదు. హెడ్డు ఖర్చు ధరలో తగ్గించమంటే అమ్మేవారు ఒప్పుకోలేదు. కొనలేదు.

చివరగా ఒక ప్రకటన. కార్యనిర్వాహక వర్గం అనుమతితో సంఘ కార్యాలయంలో ఒక కంప్రెషను గేజి, ఒక ఫీలర్ గేజి, ప్లగ్గు పానా, రెండు స్పేరు ప్లగ్గులు, ఒక వైర్ల సెట్టు బీరువాలో పెట్టాము. కావలసిన సభ్యులు రిజిస్టరులో సంతకం చేసి తీసుకువెళ్ళవచ్చు, మూడు రోజుల్లో తిరిగి ఇవ్వాలి. మంగళ, శుక్రవారాలు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నేను అక్కడే ఉంటాను. బండి తెచ్చేవారు దయచేసి ఇంజను చల్లగా ఉండగా చూసుకునేలా మధ్యాహ్నమే తెచ్చి చెట్టు కింద పెట్టండి.